ఆరు నెలలు ఆగిన పడవ మోటారు లోపల ఏం జరుగుతుంది?

అమెరికా ఉత్తరాన ఉన్న మినెసోటా రాష్ట్రంలో 10 ఎకరాలు, అంతకు మించిన సరస్సులు 11,842 అని లెక్క. నవంబరు చివరికో డిసెంబరులోనో వాటి మీద మంచు పలక కడుతుంది. మళ్లీ నీరు కనబడేది ఏప్రిల్లో. కెనడా సరిహద్దు వైపు సరస్సుల్లో ఒక్కోసారి మే నెల కూడా వచ్చేస్తుంది. జనవరిలో అదే సరస్సు మీద పికప్ ట్రక్కులు నడుస్తాయి, మంచుకు కన్నం పెట్టి గాలం వేస్తారు. అంటే పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటారుకు ఏడాదిలో దాదాపు సగం సెలవే. చెట్ల ఆకులు రంగు మారగానే పడవల వర్క్‌షాపులకు గిరాకీ మొదలవుతుంది. మోటారును చలికాలానికి సిద్ధం చేసి పెట్టే ఆ పనిని అక్కడ వింటరైజింగ్ అంటారు.

ఆ మాట వినగానే ఎవరికైనా మొదట తట్టేది మంచే. ఇంజిన్‌లో నీరు గడ్డకడుతుంది, లోహం పగులుతుంది, అందుకే ఈ హడావుడంతా అనుకుంటారు. కొత్తగా పడవ కొన్నవాళ్లు దాన్ని వెచ్చటి గరాజ్‌లో పెట్టి, ఇక భయం లేదని నిశ్చింతగా ఉండిపోతారు. తీరా మే నెలలో తాడు లాగితే మోటారు పలకదు. విప్పి చూస్తే ఎక్కడా పగులు ఉండదు. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ అడుగున మాత్రం గోధుమ రంగు జిగురు పేరుకుని ఉంటుంది. అవుట్‌బోర్డ్‌కు చలివల్ల జరిగే హాని కొన్ని చోట్లకే పరిమితం. పెద్ద హాని నిలవ ఉన్న పెట్రోలు వల్ల, గేర్లలో చేరిన నీటివల్ల, సిలిండర్‌లో మిగిలిన చెమ్మవల్ల జరుగుతుంది. వీటికి మంచుతో పనిలేదు. ఇంజిన్ ఆగి ఉంటే చాలు, వాటి పని అవి మొదలుపెడతాయి.

మంచు దెబ్బ తగిలే చోట్లు

మంచు భయం అసలు ఇన్‌బోర్డ్ ఇంజిన్ల నుంచి వచ్చింది. పడవ లోపల బిగించే ఆ ఇంజిన్లు చాలావరకు కారు ఇంజిన్ల రూపాలే. వాటి బ్లాకులో, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డుల్లో నీరు నిలిచిపోయే గుంటలు ఉంటాయి. నీరు గడ్డకట్టేటప్పుడు ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. మూసుకుపోయిన గుంటలో అలా పెరిగే మంచును పోత ఇనుము ఆపలేదు. అందుకే అక్కడ డ్రెయిన్ ప్లగ్గులు విప్పి నీరు వంచేస్తారు, ఆ తర్వాత గులాబీ రంగు ప్రొపిలిన్ గ్లైకాల్ యాంటీఫ్రీజ్, అంటే గడ్డకట్టనివ్వని ద్రవం, ఎక్కిస్తారు. గట్టిగా మంచు పడిన ఒక్క రాత్రి చాలు, ఇవి మరిచిపోయినవాడి ఇంజిన్ బ్లాకు పగలడానికి.

అవుట్‌బోర్డ్ ఒడ్డూపొడుగూ వేరు. నార్వేలో పుట్టి విస్కాన్సిన్‌లో పెరిగిన ఓలె ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీ నగరంలో తన మోటారును అమ్మకానికి పెట్టాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా దాని మూల ఆకారం మారలేదు. పైన ఇంజిన్, మధ్యలో నిలువు షాఫ్టు, కింద గేర్లు, వాటికి ప్రొపెల్లర్, అంటే మన పడవలవాళ్లు అనే ఫ్యాను. చల్లబరచడానికి రేడియేటర్ లేదు. కింద ఉన్న చిన్న జల్లెడ రంధ్రాల్లోంచి సరస్సు నీరే లోపలికి వస్తుంది. ఇంపెల్లర్ అనే రబ్బరు రెక్కల చక్రం దాన్ని పైకి తోస్తుంది. ఆ నీరు సిలిండర్ల చుట్టూ తిరిగి, చాలా మోడళ్లలో పొగతో కలిసి ఫ్యాను మధ్యలోంచే బయటికి పోతుంది. ఒక సన్నటి ధార మాత్రం పక్కనుంచి కనబడేలా చిమ్ముతుంది, పంపు పనిచేస్తోందని చెప్పడానికి. మోటారును నిటారుగా నిలబెడితే ఈ దారి అంతా పైనుంచి కిందికి వాలుగానే ఉంటుంది కాబట్టి నీరు తనంతట తానే కారిపోతుంది. యాంటీఫ్రీజ్ అవసరం రాదు. మంచు దేశంలో ఎదిగిన యంత్రానికి ఈ గుణం అబ్బడం కాకతాళీయమే కావచ్చు, కానీ బాగా కలిసొచ్చింది.

అయితే నిటారుగా అన్న మాటలోనే కిటుకంతా ఉంది. ట్రెయిలర్ మీద లాక్కెళ్లేటప్పుడు ఫ్యాను రోడ్డుకు తగలకుండా మోటారును పైకి లేపుతారు. ఇంటికొచ్చాక చాలామంది దాన్ని అలాగే వదిలేస్తారు. అప్పుడు ఫ్యాను మధ్యనున్న బోలు ఆకాశానికి నోరు తెరిచిన గిన్నె అవుతుంది. పగలు కరిగిన మంచు అందులోకి చేరుతుంది, రాత్రి గడ్డకడుతుంది. కింది భాగపు అల్యూమినియం తొడుగు పగిలేది ఇలాంటప్పుడే. మినెసోటాలో, బయటి నుంచి వచ్చి సరస్సులను ఆక్రమించే జీబ్రా ఆల్చిప్పలు ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు పాకకుండా, ఒడ్డు దాటేముందే పడవలోని నీరంతా వంచేయాలని, అడుగు బిరడా తీసి ఉంచి ప్రయాణించాలని చట్టం ఉంది. ఆ పనిలో భాగంగా మోటారును ఒకసారి పూర్తిగా కిందికి దించి నీరు కారనిస్తారు. ఆల్చిప్పల కోసం పెట్టిన నియమం మోటారునూ కాపాడుతోంది.

మంచు నిజంగా ప్రాణం తీసే చోటు గేర్ల పెట్టె. అది ఎప్పుడూ నీటిలో మునిగే భాగం. లోపల గేర్ ఆయిల్ ఉంటుంది. ఫ్యాను షాఫ్టు బయటికొచ్చే చోట రబ్బరు సీళ్లు నీటిని ఆపుతాయి. సరస్సులో తెగి తేలే నైలాన్ గాలపు తాడు ఒక్కటి ఆ షాఫ్టుకు చుట్టుకుంటే చాలు, తిరుగుతూ తిరుగుతూ సీలును కోసేస్తుంది. బయటికి ఏ గుర్తూ కనబడదు, మోటారు మామూలుగానే నడుస్తుంది. లోపలికి మాత్రం బొట్టు బొట్టుగా నీరు చేరుతూనే ఉంటుంది. గేర్లు తిరుగుతున్నన్నాళ్లూ ఆ నీరు నూనెలో చిలికినట్టు కలిసిపోయి ఉంటుంది. ఆగిన కొన్నాళ్లకు విడిపోయి, నూనెకంటే బరువు కనుక అడుగున చేరుతుంది. చలి దేశంలో అయితే అక్కడే గడ్డకట్టి పెట్టెను చీలుస్తుంది. వెచ్చటి గరాజ్‌లో అయితే ఆరు నెలలపాటు బేరింగులను, గేర్ల పళ్లను తుప్పు పట్టిస్తుంది.

అందువల్ల గేర్ ఆయిల్ మార్చాల్సింది నిలవకు ముందే. వసంతంలో మారుద్దాంలే అనుకునే అలవాటు అక్కడా ఉంది. అది పొదుపు కాదు. అడుగు స్క్రూ, పై స్క్రూ రెండూ విప్పి నూనె దింపేటప్పుడు మొదటి నాలుగు చుక్కల్ని చూస్తే సగం రోగ నిర్ధారణ అయిపోయినట్టే. ముందుగా నీళ్లే కారితే సీలు పోయింది. నూనె పాలు కలిపిన టీ రంగులో వస్తే నీరు కలిసింది. అడుగు స్క్రూకు ఉన్న అయస్కాంతానికి బూడిద రంగు సన్నటి మడ్డి అంటుకుంటే అది మామూలు అరుగుదల, చేతికి గుచ్చుకునే ముక్కలుంటే గేరు పన్ను విరిగింది. కొత్త నూనెను పైనుంచి పోయకూడదు, లోపల గాలి చిక్కుకుంటుంది. కింది రంధ్రం నుంచి పంపుతో ఎక్కించాలి. పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా నూనె పొంగేదాకా ఎక్కించి, ముందు పై స్క్రూ బిగించి, ఆ తర్వాత కిందిది బిగించాలి. పైది మూసి ఉంటే, కింద పంపు తీసి స్క్రూ పెట్టేలోపు ఎక్కువ నూనె కారదు. స్క్రూల కింది వాషర్లు కొత్తవి వేయాలి. చవకైన ఆ వాషర్ దగ్గర కక్కుర్తి పడితే మళ్లీ నీరు చేరే దారి అదే. ఎటూ చెయ్యి వేశాం కనుక ఫ్యాను కూడా ఊడదీసి, షాఫ్టుకు తాడు పోగులేమైనా చుట్టుకున్నాయేమో చూసి, దాని గాళ్లకు మెరైన్ గ్రీజు పట్టించి మళ్లీ తొడిగితే ఆ పని పూర్తయినట్టు.

పెట్రోలు ముసలిదైతే

నిజానికి వర్క్‌షాపుల్లో వసంతకాలపు మరమ్మతుల్లో పెద్ద వాటా పెట్రోలుదే. పెట్రోలు ఒకే పదార్థం కాదు, తేలికవీ బరువువీ కలిసిన వందలాది హైడ్రోకార్బన్ల మిశ్రమం. చల్లటి ఇంజిన్ మొదటి లాగుడుకే అంటుకోవాలంటే తేలిగ్గా ఆవిరయ్యే భాగం కావాలి. నిలవలో ముందుగా ఎగిరిపోయేది సరిగ్గా ఆ భాగమే. మిగిలిన దాంట్లో కొన్ని అణువులు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా జిగురుగా మారతాయి. ట్యాంకు నిండా ఉన్న పెట్రోల్లో ఈ మార్పు కొద్దిగానే కనబడుతుంది. కార్బురేటర్ గిన్నెలో ఉండేది కొన్ని చెంచాల పెట్రోలు, పైగా గిన్నెకు గాలి తగిలే దారి ఉంది. అక్కడ అది ఆవిరై ఆవిరై చివరికి వార్నిష్ పూతలా మిగులుతుంది. ఆ పక్కనే, ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు అందించే ఐడిల్ జెట్ ఉంటుంది. దాని రంధ్రం గుండుసూది మొన దూరనంత సన్నం. పూత దాన్ని మూసేస్తే మోటారు స్టార్ట్ అవదు, ఒకవేళ స్టార్ట్ అయినా చోక్ తీయగానే ఆగిపోతుంది.

దీనికి ఇథనాల్ తోడైంది. అమెరికాలో మామూలుగా దొరికేది 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. అది ఒక హద్దు వరకూ మేలే, ట్యాంకు గోడల మీద పట్టిన కొద్దిపాటి చెమ్మను కలుపుకుని ఇంజిన్‌లో కాల్చేస్తుంది. సుమారు 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ మిశ్రమం దాదాపు అర శాతం నీటిని ఇముడ్చుకోగలదు. 40 లీటర్ల ట్యాంకుకు లెక్కేస్తే ఇది ఒక గ్లాసు నీరు, 200 మిల్లీలీటర్లు. అంతకు మించితే ఇథనాల్ పెట్రోలును వదిలేసి నీటితో జట్టుకడుతుంది. ఆ రెండూ కలిసి బరువైన పొరగా అడుగున దిగుతాయి. ఇంధనం పీల్చే గొట్టం ఉండేది ఆ అడుగునే. చలి చేసే అసలు చెరుపు ఇక్కడ ఉంది: ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ నీటిని ఇముడ్చుకునే శక్తి కూడా తగ్గుతుంది. అక్టోబరులో నిక్షేపంగా ఉన్న పెట్రోలు, బయటి నుంచి ఒక్క చుక్క నీరు కలవకపోయినా, జనవరిలో రెండు పొరలుగా విడిపోవచ్చు. పైన మిగిలిన పెట్రోలులో ఇథనాల్ పోయింది కాబట్టి ఆక్టేన్, అంటే వేళకు ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం, కూడా పడిపోయి ఉంటుంది. ఒకసారి విడిపోయాక దాన్ని తిరిగి కలిపే మందు ఏదీ లేదు.

మినెసోటావాళ్లు దీనికి ఒక దారి పెట్టుకున్నారు. పెట్రోలులో ఇథనాల్ కలపాలన్న రాష్ట్ర చట్టమే పడవలకు, పాతకాలపు కార్లకు, చిన్న ఇంజిన్లకు మినహాయింపు ఇచ్చింది. అందుకే అక్కడి చాలా బంకుల్లో ఇథనాల్ లేని 91 ఆక్టేన్ పెట్రోలు విడిగా దొరుకుతుంది. సీజన్‌లో చివరి ట్యాంకు దానితో నింపుకుంటే పొరలు విడిపోయే బెడద ఉండదు. జిగురు బెడద మాత్రం ఉంటుంది, దానికి స్టెబిలైజర్ కావాలి.

స్టెబిలైజర్ మీద ఉన్న నమ్మకం దాని శక్తికి మించింది. దానిలో ప్రధానంగా ఉండేది ఆక్సిజన్‌తో జరిగే చర్యను నెమ్మదింపజేసే రసాయనం. ఊరగాయకు నూనె ఎలాగో తాజా పెట్రోలుకు ఇది అలాగ. చెడిపోయిన ఊరగాయ మీద నూనె పోస్తే ఏమవుతుందో, పాత పెట్రోల్లో స్టెబిలైజర్ కలిపితే అంతే. పైగా దాన్ని ట్యాంకులో పోసి మూత పెడితే సరిపోదు. ట్యాంకు పెట్రోలుకు రక్షణ వస్తుంది కానీ, చెడిపోయే అవకాశం ఎక్కువున్న కార్బురేటర్‌లో, గొట్టాల్లో, ఫిల్టర్లో పాత పెట్రోలే ఉంటుంది. కలిపిన తర్వాత కనీసం పది నిమిషాలు ఇంజిన్ నడవాలి. అందుకే దీన్ని సీజన్ చివరి ప్రయాణానికి బయల్దేరేముందు కలపడం తెలివైన పని. ఒడ్డుకొచ్చేసరికి మందు మూలమూలకూ చేరి ఉంటుంది.

ఇక మెకానిక్కులు ఎప్పటికీ తేల్చుకోని తగవు ఒకటుంది. పెట్రోలు గొట్టం పీకేసి ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడపాలా, లేక స్టెబిలైజర్ కలిపిన పెట్రోలును లోపల ఉంచేయాలా? రెండు వాదాలూ తమ తమ ఇంజిన్ల దగ్గర నిజమే, గొడవంతా ఒకదాని సూత్రాన్ని మరోదానికి అంటించడం వల్ల. కార్బురేటర్ మోటారులో గిన్నె ఖాళీ చేయడమే మంచిది. అయితే ఇంజిన్ ఆగినంత మాత్రాన గిన్నె పూర్తిగా ఖాళీ కాదు, అడుగున కొంత మిగులుతుంది. గిన్నెకున్న డ్రెయిన్ స్క్రూ విప్పి అదీ దింపేయాలి. పాత టూ స్ట్రోక్ మోటారు అయితే ఇంకో చిక్కు. దానికి కందెన వేరే లేదు, 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు కలిపే నూనే దిక్కు. పెట్రోలు అయిపోతూ ఇంజిన్ కొట్టుకునే ఆ చివరి క్షణాల్లో నూనె కూడా అందదు. కనుక ఎండబెట్టడంతోపాటు లోపలికి నూనె చల్లడమూ తప్పనిసరి. కార్బురేటర్ బదులు పంపుతో పెట్రోలు చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న ఇప్పటి ఫోర్ స్ట్రోకుల్లో ఈ ఎండబెట్టే పద్ధతి పనికిరాదు. వాటి అధిక పీడన పంపును చల్లబరిచేదీ తడిపేదీ పెట్రోలే. పంపు వట్టిగా తిరిగితే అరిగిపోతుంది. వీటిలో మందు కలిపిన తాజా పెట్రోలు నిండుగా ఉంచడమే దారి.

ట్యాంకు సంగతి ఇంత చిక్కు కాదు. చేత్తో ఎత్తగలిగే ప్లాస్టిక్ ట్యాంకు అయితే, నూనె కలపని పెట్రోలును కారులో పోసుకుని వాడేయడమే ఉత్తమం.

సిలిండర్‌లో మిగిలే చెమ్మ

చాలామందికి ఆశ్చర్యం కలిగించే లెక్క ఒకటి ఉంది. ఒక లీటరు పెట్రోలు మండితే పుట్టే నీరు దాదాపు ఒక లీటరు. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం వల్ల వచ్చే నీరిది. అందులో అధిక భాగం ఆవిరిగా పొగతో పోతుంది. కొంత మాత్రం పిస్టన్ రింగులు దాటి కిందికి జారి, ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో నూనెతో కలుస్తుంది. దానితోపాటే సగం కాలిన పెట్రోలు, పుల్లటి ఆమ్లాలు. కారు రోజూ గంటసేపు వేడిగా నడుస్తుంది కాబట్టి ఇవి ఎప్పటికప్పుడు ఎగిరిపోతాయి. గాలం వేసే పడవ మాత్రం ఐడిల్‌లో పాకుతూ నడిచే బండి. చల్లటి సరస్సు నీరు ఎప్పుడూ దాని ఒళ్లు తాకుతూనే ఉంటుంది. దాని నూనెలో చెమ్మ ఎక్కువ. ఆ నూనెను ఆరు నెలలు బేరింగుల మీద నానబెట్టి, వసంతంలో శుభ్రమైన నూనె పోయడంలో అర్థం లేదు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే, మడ్డి నూనెలో తేలుతుండగానే దించేసి, కొత్త నూనె పోసి, ఫిల్టర్ మార్చి, అయిదు నిమిషాలు నడిపి, ఆ తర్వాత నిద్రపుచ్చాలి.

సిలిండర్ గోడలకు ఫాగింగ్ ఆయిల్ అనే చిక్కటి నూనె స్ప్రే ఉంటుంది. టూ స్ట్రోక్ మోటారు నడుస్తుండగా గాలి పీల్చే నోట్లోకి దాన్ని కొడతారు. తెల్లటి పొగ గుప్పుమంటుంది, ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది, ప్రతి బేరింగు మీదా నూనె పొర పడుతుంది. ఇంజెక్షన్ మోటార్లలో ఇలా కొట్టడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు, స్పార్క్ ప్లగ్గులు విప్పి ఆ రంధ్రాల్లోంచి కొద్దికొద్దిగా కొట్టాలి. తర్వాత ఇంజిన్ పైనున్న ఫ్లైవీల్ చక్రాన్ని చేత్తో నాలుగు చుట్లు తిప్పితే నూనె అంతటా పట్టుతుంది. తిప్పే దిక్కు ముఖ్యం. పైనుంచి చూస్తే చాలా మోటార్లు గడియారపు ముళ్ల దిశలోనే తిరుగుతాయి. వెనక్కి తిప్పితే, ఒకవైపుకే వంగి అలవాటుపడ్డ ఇంపెల్లర్ రెక్కలు మడతపడి చిట్లిపోతాయి. మంచి పని చేస్తూ చేసే చెడు ఇది.

చిన్న మోటార్లను పడవ నుంచి విప్పి ఇంట్లో పెట్టేవాళ్లు వాటిని పడుకోబెట్టే తీరు చూసుకోవాలి. వీలైతే స్టాండుకు నిటారుగా తగిలించడమే మేలు. పడుకోబెట్టక తప్పకపోతే ఫోర్ స్ట్రోక్ మోటారును దాని పుస్తకంలో చెప్పిన పక్కకే పడుకోబెట్టాలి, లేకపోతే నూనె సిలిండర్‌లోకి పారుతుంది. ఏ మోటారుకైనా ఫ్యాను వైపు పైకీ, ఇంజిన్ వైపు కిందికీ ఉండకూడదు. కింది భాగంలో మిగిలిన నీరు వెనక్కి నడిచి సిలిండర్లు చేరుతుంది.

బ్యాటరీ గురించి రెండు ముక్కలు. నిండా చార్జి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 50 డిగ్రీల దగ్గర కూడా గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయింది మాత్రం మైనస్ 10 డిగ్రీల లోపే గడ్డకట్టి పగలగలదు, ఎందుకంటే దిగిపోయిన బ్యాటరీలో మిగిలేది ఆమ్లం తక్కువ, నీరు ఎక్కువ. విప్పి ఇంటికి తెచ్చి, నెలకోసారి చార్జి పెడితే చాలు. ఎలుకల్ని కూడా తక్కువ అంచనా వేయకూడదు. ఇంజిన్ మూత కింద వెచ్చగా, ఎవరూ కదిలించకుండా ఉండే చోటు వాటికి రాజభవనం. గూడు కట్టి వైర్లు కొరికేస్తాయి. పడవ మొత్తాన్ని ప్లాస్టిక్‌తో గాలి ఆడకుండా బిగించేస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక మోటారు మీదే కురుస్తుంది, కప్పే గుడ్డకు గాలి దారి ఉండాలి.

ఏప్రిల్ 15 తర్వాత మన తీరంలో

ఆంధ్ర తీరానికి మంచుతో పరిచయం లేదు. కానీ మోటార్లు ఆగే కాలం ఇక్కడా ఉంది, తేదీలతో సహా. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. మరబోట్లతోపాటు అవుట్‌బోర్డ్ మోటారు తగిలించిన ఫైబర్ బోట్లూ ఒడ్డునే ఉంటాయి. మినెసోటా మోటారుకు ఆరు నెలల చలి విరామం, ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మన మోటార్లకు రెండు నెలల ఎండ విరామం. మంచును తీసేసి చూస్తే పైన చెప్పిన జబ్బుల్లో ఒక్కటీ తగ్గదు, కొన్ని ముదురుతాయి.

పెట్రోలు సంగతే చూడండి. ఆవిరి కావడమైనా, జిగురు కట్టడమైనా వేడితో వేగం పుంజుకునేవే. 40 డిగ్రీలు దాటిన మే నెల మధ్యాహ్నం తాటాకు పాకలోని కార్బురేటర్ గిన్నె, మినెసోటా గరాజ్‌లోని గిన్నెకంటే ఎంతో త్వరగా ఎండిపోతుంది. మన బంకుల్లో ఇప్పుడు పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ ఎక్కువైతే పొరలు విడిపోవడానికి ఎక్కువ నీరు కావాలి, ఆ మేరకు కొంత ఊరటే. కానీ సముద్రపు గాలిలో నీటికి కొదవ లేదు. పాత మోటార్ల రబ్బరు గొట్టాలు, వాషర్లు ఇంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవీ కావు. మినెసోటాలో మాదిరి పడవల కోసం విడిగా ఇథనాల్ లేని పెట్రోలు పోసే ఏర్పాటు మన తీరానికి అక్కర్లేదని ఎవరూ అనలేరు. అది వచ్చేదాకా ఏప్రిల్ 14 సాయంత్రం గిన్నె స్క్రూ విప్పి ఉన్న పెట్రోలు దింపేయడం ఖర్చులేని వైద్యం. కిరోసిన్‌తో నడిపే మోటార్లను ఆపేముందు కాసేపు పెట్రోలు మీదికి మార్చి నడిపితే కార్బురేటర్‌లో కిరోసిన్ మిగలదు. ఆ తర్వాత ఆ పెట్రోలునూ దింపాలి.

మంచు స్థానంలో ఇక్కడున్నది ఉప్పు. వేట నుంచి వచ్చిన మోటారు లోపలి నీటి దారుల్లో సముద్రపు నీరు ఆరి ఉప్పు పొరగా మిగులుతుంది. ఉప్పు ఒక చెడ్డ పని చేస్తుంది: గాలిలో తేమ 75 శాతం దాటగానే ఆ చెమ్మను పీల్చి తానే ద్రవమవుతుంది. తీరంలో వేసవి రాత్రుల్లో తేమ ఆ గీత దాటడం మామూలే. అంటే రోజూ రాత్రి తడిసి, పగలు ఆరి, అల్యూమినియంను తింటూనే ఉంటుంది. 61 రోజులకు 61 విడతలు. మంచినీటితో కడగడమే దీనికి మందు, అదీ పై పైన బకెట్టు నీళ్లు కుమ్మరిస్తే కాదు. పెద్ద డ్రమ్ములో మంచినీళ్లు నింపి, మోటారును అందులో దించి, పది పదిహేను నిమిషాలు నడపాలి. ఇంజిన్ వేడెక్కి లోపలి థర్మోస్టాట్ తెరుచుకుంటే తప్ప సిలిండర్ల చుట్టూ ఉన్న దారుల్లోకి మంచినీరు చేరదు. రెండు నిమిషాలు నడిపి ఆపేసేవాళ్లు నిజానికి పంపును మాత్రమే కడుగుతున్నారు. తాగునీటికే ట్యాంకర్ కోసం చూసే పల్లెల్లో డ్రమ్ము నీళ్లు మోటారుకు పోయమనడం తేలిక కాదు. డ్రమ్ము నీళ్లు ఉప్పెక్కే కొద్దీ పనితనం తగ్గుతుంది కానీ, సముద్రపు నీటికంటే అవి ఎన్నో రెట్లు నయం. ఒకే డ్రమ్ముతో వరుసగా రెండు మూడు మోటార్లు కడుక్కోవచ్చు.

మోటారు ఒంటికి అంటించి ఉండే తెల్లటి లోహపు దిమ్మల్ని కూడా ఈ రెండు నెలల్లోనే మార్చుకోవాలి. మోటారు బదులు తుప్పుకు అవి తినబడటానికే ఉన్నాయి. సగం కరిగాయంటే పని చేశాయని అర్థం. ఉప్పునీటికి జింకు లేదా అల్యూమినియం దిమ్మలు, మినెసోటా లాంటి మంచినీటికి మెగ్నీషియం. అందం కోసం వాటికి రంగు పూసేస్తే అవి ఉన్నా లేనట్టే.

మన ఒడ్డున ఒక అనుకూలం ఉంది. ఫైబర్ బోటును ఇసుక మీదికి లాగగానే మోటారును విప్పి, నలభై కిలోలకు అటూ ఇటూ ఉన్న బరువును భుజాన వేసుకుని ఇంటికి చేర్చడం ఇక్కడ ఏళ్లనాటి అలవాటు. మినెసోటావాళ్ల పెద్ద మోటార్లలా బయట మంచులో పడి ఉండదు. ఇంటికి చేరాక మూల గోడకు తలకిందులుగా ఆనించకుండా, రెండు గుంజలు పాతి వాటికి అడ్డంగా కొట్టిన చెక్కకు నిటారుగా బిగిస్తే నిలవ పని సగం అయిపోతుంది. మిగతా సగం గేర్ ఆయిల్, ప్లగ్గు రంధ్రంలో నాలుగు చుక్కల నూనె, వారానికోసారి తాడు మెల్లగా ఒక లాగు లాగి వదలడం. ఆ ఒక్క లాగుతో రింగులు సిలిండర్‌కు పట్టేయవు, ఇంపెల్లర్ రెక్కలు ఒకే వంపులో బిగుసుకుపోవు.

జూన్ 15 వేకువకో, మినెసోటాలో మే నెల వేట తొలిరోజుకో మోటారును మళ్లీ లేపేటప్పుడు తిన్నగా నీటిలోకి దించకుండా ముందురోజే డ్రమ్ములో నడిపి చూడటం మంచిది. మొదట పొగ దట్టంగా వస్తుంది, నిలవకు ముందు చల్లిన నూనె కాలుతోందన్నమాట, కంగారుపడనక్కర్లేదు. చూడాల్సింది పక్కనుంచి చిమ్మే ఆ సన్నటి ధారను. కొన్ని సెకన్లలో అది రాకపోతే వెంటనే ఆపేయాలి, నీరందని ఇంపెల్లర్ తన వేడికి తానే కరిగిపోతుంది. అయితే పంపు పోయిందని కింది భాగమంతా విప్పేముందు ధార వచ్చే రంధ్రంలోకి సన్నటి తీగ ఒకటి దూర్చి చూడాలి. రెండు నెలల ఖాళీ దొరికితే కందిరీగ మట్టిగూడు కట్టుకోవడానికి సరిగ్గా సరిపోయే రంధ్రం అది. తీగ కొనకు ఎర్రమట్టి పొడి అంటుకుని బయటికొస్తే, మరుక్షణం ధార చిమ్ముతుంది. దాని కింద అరచెయ్యి పెడితే నీరు గోరువెచ్చగా తగలాలి, చుర్రుమనకూడదు.